పండ్లు, కూరగాయల ఖర్చు తగ్గించి రిటైర్మెంట్‌కి దాచుకోవచ్చా?

మీ మెయిల్ చదివానండి. నెలనెలా పండ్లు కూరగాయలకే చాలా పోతోంది, సగం తగ్గించి ఆ డబ్బు రిటైర్మెంట్ ఫండ్‌లో వేద్దామనుకుంటున్నా, అసలు ఇవి తింటే ఎక్కువ కాలం బతుకుతామా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు గానీ ఈ ప్రశ్న నా పనికి బాగా దగ్గరిది, ఎవరికి ప్లాన్ వేసినా ముందు తేల్చుకోవాల్సింది డబ్బు ఎన్నేళ్లు సరిపోవాలి అనేదే కదా.

సగానికి తగ్గించకండి. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ప్యూర్ అనే స్టడీలో 18 దేశాల్లో 1,35,000 మందికి పైగా చూశారు, అందులో డబ్బున్న దేశాలూ ఉన్నాయి పేద దేశాలూ ఉన్నాయి, పండ్లు కూరగాయలు పప్పుధాన్యాలు అన్నీ కలిపి రోజుకి 375 నుంచి 500 గ్రాములు తినేవాళ్లలో మరణాలు తక్కువగా కనబడ్డాయి, అంతకంటే ఎక్కువ తిన్నా అదనంగా వచ్చింది పెద్దగా లేదు. బడ్జెట్ వేసేవాడిగా నాకు ఈ చివరి మాటే బంగారం, ఎందుకంటే ఖర్చుకి ఒక హద్దు దొరికింది. డబ్ల్యూహెచ్‌వో చెప్పేది కూడా రోజుకి కనీసం 400 గ్రాములే.

ముందు ఇంట్లో మనిషికి ఎంత పడుతోందో ఒక వారం తూచి చూడండి. 500 గ్రాములు దాటి, అందులో కొంత పాడైపోయి పారేస్తుంటే అక్కడ తగ్గించండి. జ్యూసులైతే మొత్తం ఆపేసినా పర్లేదు, 2021లో సర్క్యులేషన్ జర్నల్‌లో వచ్చిన పెద్ద స్టడీలో రోజుకి 2 సర్వింగ్స్ (సర్వింగ్ అంటే ఒకసారి తినే కొలత) పండ్లు 3 సర్వింగ్స్ కూరగాయలు తినేవాళ్లకి లాభం కనిపించింది గానీ జ్యూసులకీ బంగాళాదుంపలకీ కనిపించలేదు.

భారం అనిపించడంలో మీ తప్పేం లేదండి. ప్యూర్ టీమే 2016లో లెక్కేస్తే, పేద దేశాల్లో ఇంట్లో ఒక్కొక్కరికీ ఈ 5 సర్వింగ్స్ కొనాలంటే ఇంటి ఆదాయంలో దాదాపు 52 శాతం పోతుంది, డబ్బున్న దేశాల్లో 2 శాతమే. అది చదివినప్పుడు నాకు చాలా బాధేసింది.

ఇంకోటి, ఇవన్నీ జనాల్ని ఏళ్ల తరబడి గమనించి చెప్పినవి, పండ్లు బాగా తినేవాళ్లకి ఆదాయం, చదువు కూడా ఎక్కువ ఉండొచ్చు, సిగరెట్ తక్కువ ఉండొచ్చు, వాటిని లెక్కలో సర్దినా క్రెడిట్ మొత్తం పండ్లకే ఇవ్వలేం. అందుకే బాగా తింటున్నాం కదా అని హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం ఆపకండి, ప్లాన్ కూడా 75 ఏళ్లకి కాకుండా 90 దాకా వేసుకోండి. జ్యూసుల్లో, పారేసేదాంట్లో మిగిలింది ఎంతైనా సరే నెల మొదట్లోనే ఫండ్‌లోకి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టేయండి.