ఎక్స్‌రే మోడల్‌కు 97 శాతం.. కెరీర్‌కు సరిపోతుందా?

ప్రశ్న: బీటెక్ ఈసీఈ మూడో ఏడాది చదువుతున్నాను. కోవిడ్ రోగుల ఛాతీ ఎక్స్‌రే చూసి ఎవరి పరిస్థితి విషమిస్తుందో చెప్పే ఏఐ మోడల్‌ను ప్రాజెక్టుగా చేశాను. నెట్‌లో దొరికిన డేటాతో 97 శాతం కచ్చితత్వం వచ్చింది. ఈ రంగంలో స్థిరపడాలంటే ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ 97 సంగతి తేల్చుకోండి. ఒకే రోగి మొదటి రోజు ఎక్స్‌రే మోడల్‌కు నేర్పే డేటాలో (ట్రైనింగ్), నాలుగో రోజుది పరీక్షించే డేటాలో (టెస్ట్) ఉంటే మోడల్ మనిషిని గుర్తుపడుతుంది, జబ్బును కాదు. ఫైళ్లను కాకుండా పేషెంట్ ఐడీలను విడగొట్టండి, ఒక రోగి ఎక్స్‌రేలన్నీ ఒకే వైపు ఉండాలి. లేవలేని రోగికి మంచం మీదే పోర్టబుల్ మెషీన్‌తో ఏపీ వ్యూ (కిరణాలు ముందు నుంచి వెనక్కి వెళ్లేలా తీసే ఎక్స్‌రే) తీస్తారు. అందులో గుండె పెద్దదిగా కనబడుతుంది, ఈసీజీ వైర్లు, ట్యూబులు పడతాయి. మోడల్ వాటిని పట్టుకునే ‘విషమం’ అనేయవచ్చు. ఊపిరితిత్తుల భాగాన్ని నల్లగా కప్పి మళ్లీ నడపండి. స్కోరు పెద్దగా తగ్గకపోతే మోడల్ చూస్తున్నది ఊపిరితిత్తుల్ని కాదు.

ఇది మీ ఒక్కరి సమస్య కాదు. కేంబ్రిడ్జ్ పరిశోధకుల బృందం 2021లో ఇలాంటి 62 పేపర్లను పరిశీలించి, వైద్యంలో వాడదగ్గది ఒక్కటీ లేదని తేల్చింది. కొన్నింటిలో కోవిడ్ లేనివారి ఎక్స్‌రేలంటూ అయిదేళ్లలోపు పిల్లలవి వాడారు!

‘విషమం’ అంటే ఏమిటో కూడా రాసి పెట్టుకోండి. ఐసీయూలో చేరడాన్ని ఫలితంగా తీసుకుంటే బెడ్ల లభ్యత కూడా అందులో కలిసిపోతుంది. ఇన్ని రోజుల్లోపు వెంటిలేటర్ లేదా మరణం అనుకోవడం మేలు. లక్షణాలు మొదలై ఎన్నో రోజున ఎక్స్‌రే తీశారో తెలియని డేటా ఈ పనికి రాదు. రెండో రోజున మామూలుగా ఉన్న ఊపిరితిత్తులు పదో రోజుకు ఎక్స్‌రేలో తెల్లబడవచ్చు.

తర్వాత ఇటలీలోని బ్రెషాలో రూపొందిన బ్రిక్సియా స్కోరు నేర్చుకోండి. కోవిడ్ ఊపిరితిత్తుల్ని ఎంత దెబ్బతీసిందో ఎక్స్‌రే చూసి వేసే మార్కులివి. ఊపిరితిత్తులను ఆరు భాగాలు చేసి ఒక్కోదానికి 0 నుంచి 3 వేస్తారు, మొత్తం 18. ఆ స్కోరుకు వయసు, ఆక్సిజన్ శాతం, సీఆర్‌పీ (ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష) కలిపి మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్ (అవును-కాదు ఫలితాన్ని అంచనా వేసే సాధారణ గణాంక పద్ధతి) నడపండి. మీ డీప్ లెర్నింగ్ మోడల్ దాన్ని వేరే ఆసుపత్రి డేటా మీద దాటితేనే రెజ్యూమెలో గర్వంగా రాసుకోవచ్చు.

చదువు విషయానికొస్తే, గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ ఇంజినీరింగ్ పేపర్ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో ఆ విభాగం ఉంది. పరిశోధన వైపు ఆసక్తి ఉంటే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ చూడండి. పైథాన్‌తోపాటు డైకామ్ ఫైళ్లు (స్కాన్‌లు, ఎక్స్‌రేలు భద్రపరిచే ఫార్మాట్), త్రీడీ స్లైసర్ (వాటిని చూసి విశ్లేషించే ఉచిత సాఫ్ట్‌వేర్) ఇప్పుడే మొదలుపెట్టండి. సెలవుల్లో దగ్గర్లోని మెడికల్ కాలేజీ రేడియాలజీ విభాగంలో అనుమతి అడిగి కొన్నాళ్లు కూర్చోండి. రిపోర్టు ఎలా రాస్తారో కళ్లారా చూసిన ఇంజినీర్లు తక్కువ, కంపెనీలకు కావలసింది వాళ్లే.