పర్లాకిమిడి వైపు పొలం కొనాలంటే

ప్రశ్న: మాది పాతపట్నం. ఒడిశాలోని గజపతి జిల్లా రాయగడ బ్లాకులో మూడెకరాల జీడితోట బేరానికి వచ్చింది. రైతు సవర. "చట్టం మారింది, గిరిజనుల భూమి ఇప్పుడు ఎవరైనా కొనొచ్చు" అని దళారి అంటున్నాడు. బయానా ఇవ్వమంటారా?

జవాబు: ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. దళారి చెబుతున్న మార్పును 2023 నవంబరులో ఒడిశా మంత్రివర్గం ఆమోదించిన మాట నిజమే. వ్యతిరేకత రావడంతో అది కొద్ది రోజులకే ఆగిపోయింది. అమల్లో ఉన్నది షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల భూమి చేతులు మారకుండా కట్టడి చేసే 1956 నాటి రెండో రెగ్యులేషనే. మొదట్లో అధికారి అనుమతితో గిరిజనేతరులు కొనే వీలుండేది. 2002 సెప్టెంబరు 4న అమల్లోకి వచ్చిన సవరణ ఆ దారి కూడా మూసేసింది. ఇంకో గిరిజనుడి పేరున రాయించుకున్నా, పవర్ ఆఫ్ అటార్నీ తీసుకున్నా నిలవదు. విచారణలో తేలితే సబ్ కలెక్టరు భూమిని అసలు రైతుకే ఇప్పిస్తారు, మీ సొమ్ముకు పూచీ ఉండదు. చాలామంది సవర రైతులకు ఆ కొండవాలే బతుకుతెరువు. ఆ కట్టడి ఉండితీరాలి.

పేర్ల దగ్గరా పొరపడొద్దు. మీరు చెప్పిన రాయగడ బ్లాకు వేరు, గుణుపురం ఉన్న రాయగడ జిల్లా వేరు. రెండూ ఆ రెగ్యులేషను వర్తించే షెడ్యూల్డు ప్రాంతాలే. గజపతిలో గుమ్మ, మోహన, నువాగడ, ఆర్.ఉదయగిరి బ్లాకులూ అంతే. పర్లాకిమిడిని ఆనుకున్న గోసాని, ఆ పక్క కాశీనగర్ బ్లాకులు మాత్రం బయట ఉన్నాయి. గుణుపురం వైపు గిరిజనేతరుడే అమ్ముతున్నా, రెగ్యులేషను అమల్లోకి వచ్చిన 1956 అక్టోబరు 4 తర్వాత ఆ భూమి ఎప్పుడైనా గిరిజనుడి పేరున ఉందేమో పాత సెటిల్‌మెంట్ పట్టా నకళ్లు తీయించి చూడాలి. ఉంటే అది చేతులు మారిన తీరు మీద తగాదా వచ్చేది మీకే.

ప్రశ్న: కాశీనగర్ దగ్గర ఒక తెలుగు రైతు ఎకరా ఎనభై సెంట్లు అమ్ముతానంటున్నారు. పట్టా ఒడియాలో ఉంది. ఏమేం చూడాలి?

జవాబు: ఖాతా, ప్లాటు నంబర్లు తీసుకుని ఒడిశా భూ రికార్డులుండే భూలేఖ్ వెబ్‌సైటులో మీరే తెరవండి. చదివి చెప్పే మనిషి అమ్మేవాళ్ల తరఫువాడు కాకూడదు. రైతు పేరు దగ్గరే కులం ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ అయితే ఇక్కడ కూడా భూసంస్కరణల చట్టం 22వ సెక్షను కింద ముందుగా అనుమతి రావాలి, లేకుంటే దస్తావేజు చెల్లదు.

తర్వాత 'కిసం', అంటే భూమి రకం చూడండి. శారద అంటే వరి పండే పల్లపు భూమి, తైల అంటే మెట్ట, ఘరబారి అంటే ఇంటి స్థలం. గోచర్ అని ఉంటే పశువుల మేత భూమి, దాని జోలికి పోవద్దు. జంగల్ అని ఉంటే, రైతు పేరునే ఉన్నా సరే, అటవీ చట్టం అడ్డొస్తుంది. శారద భూమిలో ఇల్లు కట్టాలంటే అదే భూసంస్కరణల చట్టం 8ఏ సెక్షను కింద ఇంటి స్థలంగా మార్పిడి చేయించుకోవాలి.

ఎక్కువ బేరాలు చెడేది మరోచోట. ఖాతా ఇంకా తాతగారి పేరునే ఉంటుంది, అమ్మేది ఒక్క మనవడు. వారసులందరి పేర్లూ ఎక్కించాక, ఆడపిల్లలతో సహా అందరూ సంతకం చేస్తేనే కొనండి. పట్టాలో డెసిమల్ అంటే మన సెంటే. అమీన్ (భూమి కొలిచే సర్వేయరు) చేత కొలిపించి, హద్దు రాళ్లు వేయించాకే మిగతా సొమ్ము ఇవ్వండి. స్టాంపు డ్యూటీ మగవారికి 5 శాతం, ఆడవారికి 4 శాతం, రిజిస్ట్రేషను ఫీజు 2 శాతం. రిజిస్ట్రేషనుతో పని అయిపోదు, తహసీలులో మ్యుటేషన్, అంటే రికార్డులో మీ పేరుకు మార్పు చేయించుకోవాలి.

ప్రశ్న: పొలం చూడ్డానికి ఎప్పుడు వెళ్లాలి?

జవాబు: రెండుసార్లు వెళ్లండి. నౌపడ–గుణుపురం రైలు పర్లాకిమిడి మీదుగానే పోతుంది. మే నెలలో బావిలో నీళ్లు ఎక్కడున్నాయో చూడండి. అక్టోబరు వానల తర్వాత వంశధార ఎంత దూరం పొంగిందో చూడండి, 2018 అక్టోబరు తిత్లీ తుపానప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. పొలంలో మూడుచోట్ల మూడడుగుల గొయ్యి తీయించండి. పైన ఒండ్రు కనిపించినా అడుగున్నర లోతులో ఇసుక మేట తగిలితే వరికి నీరు నిలవదు. చేను నది ఒడ్డునే ఉంటే వంశధార మీద తలపెట్టిన నేరడి బ్యారేజీ కోసం ఒడిశా వైపు సేకరించాల్సిన 106 ఎకరాల్లోకి వస్తుందేమో తహసీలులో ప్లాటు నంబరు చూపించి కనుక్కోండి.