గిటార్, పాట నేర్చుకోవడానికి గ్రూప్ క్లాసు చాలదా? ప్రైవేట్ క్లాసుకి అంత డబ్బు పెట్టడం వేస్టు కదా?

చాలదు. ఒక్క గిటారే అయితే గ్రూప్‌లో కొంతవరకు లాక్కురావచ్చు. పాట కూడా కావాలంటే మాత్రం కుదరదు, ఇది రాసి ఇమ్మన్నా ఇస్తాను. విజయవాడలో ఇంటి దగ్గరే రెండూ కలిపి నేర్పుతుంటాను కాబట్టి నా పొట్టకూటి కోసం చెబుతున్నానని మీరు అనుకున్నా పర్లేదు.

గ్రూప్‌లో అందరికీ ఒకే శ్రుతి పెడతారు. శ్రుతి అంటే పాటకి ఆధారమైన ‘స’ ఎంత ఎత్తులో పెట్టుకోవాలన్న లెక్క, ఎత్తు పెరిగేకొద్దీ నంబరు పెరుగుతుంది. చెడిపోయేది అక్కడే. బడి యూనిఫాం కూడా కొలతలు తీసుకుని కుట్టిస్తాం కదా, గొంతుకి మాత్రం కొలతలు అక్కర్లేదా? మామూలుగా ఆడవాళ్లకి ఐదు, ఐదున్నర శ్రుతి హాయిగా ఉంటుంది. మగవాళ్లకి ఒకటి, ఒకటిన్నర. మగపిల్లలు చిన్నప్పుడు ఆడపిల్లల శ్రుతిలోనే పాడేస్తారు. పన్నెండు, పదిహేనేళ్ల మధ్య గొంతు మారి దాదాపు ఒక స్థాయి, అంటే పై ‘స’ నుంచి కింది ‘స’ దాకా ఉన్నంత, కిందికి దిగిపోతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్.

తొమ్మిదో తరగతి చదివే కుర్రాణ్ణి వాళ్ల నాన్న నా దగ్గరికి తీసుకొచ్చాడు. "మాస్టారూ, వీడికి పాట పోయిందండీ. కనీసం గిటారైనా చెప్పండి" అన్నాడు. పిల్లాడు చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు. అంతకుముందు ఏదో గ్రూప్‌లో గాత్రం నేర్చుకున్నాడట. వాడు తప్ప అందరూ ఆడపిల్లలే, ఐదో శ్రుతి. గొంతు మారాక కూడా వాడి చేత అదే శ్రుతిలో పాడించారు. పైకి వెళ్లేసరికి గొంతు కీచుమనేది, పక్కవాళ్లు నవ్వేవాళ్లు. చివరికి "నువ్వు తాళం వేస్తే చాలు" అన్నారట. ఇక నోరు విప్పడం మానేశాడు.

నేను పాడమనలేదు. క్రికెట్ గురించి అడిగాను. వాడు ముందురోజు మ్యాచ్ గురించి ఊపుగా చెబుతుంటే నేను గిటార్ తీగలు మెల్లగా మీటుతూ వాడి మాట ఎక్కడ నిలుస్తోందో వెతికాను. ఐదో తీగని ఉత్తగా మీటితే వచ్చే ‘ఏ’ (A) స్వరం చుట్టూనే తిరుగుతోంది. షడ్జం, అంటే ‘స’, అంతకంటే కాస్త పైన పెట్టుకోవాలి. సి (C) పెట్టొచ్చు, కానీ సి పెడితే వెనకాలే ఎఫ్ కార్డు (కార్డంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగించడం) వస్తుంది. చూపుడువేలు అడ్డంగా వేసి తీగలన్నీ అదిమే ఆ కార్డు దగ్గరే సగం గిటార్లు అటకెక్కుతాయి. అందుకని డి పెట్టాను, అంటే రెండో శ్రుతి. డి, జి, ‘ఏ’ కార్డులు మూడూ చేతికి తేలిగ్గా దొరుకుతాయి.

"సార్, ఇది నా శ్రుతి కాదు" అన్నాడు.

"ఇప్పుడు ఇదే నీది నాన్నా" అన్నాను.

తనకి వచ్చిన మోహన రాగం గీతం (కొత్తగా నేర్చుకునేవాళ్లకి చెప్పే చిన్న పాట) సన్నగా అందుకున్నాడు. డి కార్డు వాయిస్తూ జి కి మారానో లేదో ఆపేశాడు. "అక్కడ ఏదో తేడాగా ఉంది సార్." నిజమే. డి షడ్జమైతే జి మధ్యమం (‘మ’), మోహనంలో మధ్యమం లేదు. ‘ఏ’ కార్డు వేస్తే నిషాదం (‘ని’) దూరుతుంది, అదీ లేదు. పాట పోయిందన్న పిల్లాడి చెవి అది! మోహనం స్వరాలు దాటకుండా ఆ శ్రుతిలో కుదిరే మామూలు మేజర్, మైనర్ కార్డులు డి, బి మైనర్, ఆ రెండే. బి మైనర్ మొత్తం పట్టడం కష్టమని సన్నతీగలు నాలుగింటి మీదే పట్టించాను. గీతం చివరిదాకా పాడాడు. పై షడ్జం దగ్గర గొంతు ఓసారి జారింది, వాడు ఆగలేదు. ఆ "తేడాగా ఉంది" అన్న మాట పదిమంది గిటార్లు మోగే గదిలో ఎవరికి వినపడుతుంది చెప్పండి?

గీతానికి కార్డులేంటని ముక్కున వేలేసుకునే పెద్దలున్నారు. గిటార్ మెడ మీద తీగలన్నిటినీ అదిమిపెట్టే క్లిప్పు, కేపో, పెట్టుకుంటే అది చేతకానివాళ్ల పని అని వెక్కిరించే కుర్రాళ్లూ ఉన్నారు. కేపో ఉన్నదే గొంతుకి తగ్గట్టు శ్రుతి మార్చుకోవడానికి. ఇక కొందరు తల్లిదండ్రులు పిల్లాడికి కూర్చోవడం రాకముందే గ్రేడ్ పరీక్ష ఎప్పుడని అడుగుతారు. ఎనిమిది గ్రేడ్లు పాసై, పెళ్లింట్లో ఒక్క పాట పాడమంటే "ఏ స్కేలు అంకుల్?" అని దిక్కులు చూసేవాళ్లని చూశాను. ఆన్‌లైన్ క్లాసుల సంగతి సరేసరి, వీడియో కాల్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, గురువు, శిష్యుడు కలిసి ఒక్క ఆవర్తనం (తాళం ఒక చుట్టు) కూడా వాయించలేరు.

మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్‌నే తీసుకోండి. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన గాత్రం పాడేవారు, పిల్లాడు విని వాద్యం మీద పలికించేవాడు. ముందు అచ్చేసిన సిలబస్ ఏదీ లేదు, ఎదురుగా ఉన్న పిల్లాడే సిలబస్. అందుకే గురువుకి అన్ని వాద్యాలూ రావాలనే రూలు నేను ఒప్పుకోను. వినడం వస్తే చాలు.

డబ్బు సంగతంటారా, వారానికి ఒక్క ప్రైవేట్ క్లాసు పెట్టుకుని మిగతా రోజులు ఇంట్లో సాధన చేసుకోండి. లయ కోసం గ్రూప్‌కి వెళ్తానంటే నేనే పంపిస్తాను, నలుగురితో కలిసి వాయిస్తే తాళం బాగా నిలుస్తుంది. ఎక్కడ చేరినా ముందు ఒక డెమో క్లాసు అడగండి. మీ చేత పాడించకుండా, కనీసం నాలుగు మాటలు మాట్లాడించకుండా నేరుగా కార్డుల చార్టు చేతిలో పెడితే ఫీజు కట్టకండి.