డ్రమ్మర్ సొంత పాట కడితే తప్పా?

ప్రశ్న: మేం నలుగురు ఫ్రెండ్స్ కలిసి బ్యాండ్ పెట్టుకున్నాం. నేను డ్రమ్స్ వాయిస్తాను. సొంతంగా ట్యూన్లు కూడా కడుతున్నాను, కానీ వినిపిద్దామంటే "నువ్వు బీట్ చూసుకో చాలు" అంటున్నారు. ఈమధ్య కయస్ అనే అమెరికన్ బ్యాండ్ పాటలు విన్నాను. అందులో డ్రమ్మర్ తర్వాత సోలో ఆర్టిస్టు అయ్యాడట. అదెలా కుదిరింది? నేనూ బ్యాండ్ మానేసి సొంతంగా మొదలుపెట్టొచ్చా?
– ఒక డ్రమ్మర్, గాజువాక

జవాబు: తమ్ముడూ, నువ్వు అడుగుతున్నది బ్రాంట్ బ్యోర్క్ గురించి. చాలామంది అతను డ్రమ్స్ వదిలేసి గిటార్ పట్టుకుని పాటగాడు అయిపోయాడనుకుంటారు. కానీ అతను డ్రమ్స్ వెనక కూర్చున్న రోజుల్లోనే పాటలు కట్టేవాడు. నీ ప్రశ్నకి అసలు జవాబు ఇందులోనే ఉంది.

1973లో పుట్టాడు, కాలిఫోర్నియాలో పామ్ డెజర్ట్ అనే ఎడారి ఊళ్లో పెరిగాడు. అక్కడి కుర్రాళ్లకి వాయించుకోవడానికి సరైన చోటు ఉండేది కాదు, అందుకని జెనరేటర్ వేసుకుని ఎడారి మధ్యలోకి పోయి అక్కడే వాయించేవాళ్లు. కయస్ ఆ వాతావరణంలో పుట్టిన బ్యాండ్. గిటారిస్టు జోష్ హామీ తీగల శ్రుతిని బాగా తగ్గించి, బేస్ గిటార్‌కి వాడే ఆంప్లిఫయర్లలోంచి వాయించేవాడు. అంత బరువైన శబ్దం కింద డ్రమ్స్ మునిగిపోకుండా, కంగారుపడి పరిగెత్తకుండా, పాటని భుజాన మోసినవాడు బ్యోర్క్. 1992లో 'బ్లూస్ ఫర్ ది రెడ్ సన్' ఆల్బమ్ వచ్చేసరికి అతని వయసు 19. అందులో 'గ్రీన్ మెషీన్' అనే పాటని ఫ్యాన్స్ ఇప్పటికీ నెత్తిన పెట్టుకుంటారు. అది రాసింది గిటారిస్టూ కాదు, సింగరూ కాదు, బ్యోర్కే. 1994లో వచ్చిన తర్వాతి ఆల్బమ్‌లో మొదటి పాట 'గార్డెనియా' కూడా అతనిదే. అది వింటే అర్థమవుతుంది, గిటార్ వాయించే పద్ధతే డ్రమ్మర్ ఆలోచనలా ఉంటుంది. ఒకే ముక్క తిరిగి తిరిగి వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త బిగుస్తుంది.

ఆ ఆల్బమ్ రికార్డింగ్ అయ్యాక కయస్ నుంచి బయటికొచ్చాడు. తర్వాత ఫూ మాంచూ అనే బ్యాండ్‌లో మళ్లీ డ్రమ్స్ ముందే కూర్చున్నాడు, 1997లో వాళ్ల 'ది యాక్షన్ ఈజ్ గో' అతని డ్రమ్స్‌తోనే వచ్చింది. ఇక్కడ జాగ్రత్తగా చూడు. మొదటి సోలో ఆల్బమ్ 'జలమాంటా' 1999లో విడుదలైంది, అంటే అప్పటికి అతను ఇంకా ఫూ మాంచూ డ్రమ్మరే! కాలిఫోర్నియా ఎడారిలోనే జాషువా ట్రీ అనే ఊరి దగ్గర రాంచో డి లా లూనా అనే చిన్న స్టూడియోలో గిటార్, బేస్, డ్రమ్స్ దాదాపు అన్నీ తనే వాయించుకుని, తనే పాడుకున్నాడు. కయస్ మోత వినొచ్చినవాళ్లు ఆశ్చర్యపోయే ఆల్బమ్ అది. తొందర లేదు, అరుపుల్లేవు, గిటార్ శుభ్రంగా వినిపిస్తుంది, డ్రమ్స్ ఎక్కడా నన్ను చూడండి అనవు. నాకు చాలా ఇష్టం. డ్రమ్మర్ సోలో చేస్తే డ్రమ్స్ వాయింపుడే ఉంటుందనుకునేవాళ్లకి ముందు అదే వినిపిస్తాను.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నీ మనసులో అదీ ఉంటుంది. 'జలమాంటా' విడుదల చేసిన మ్యాన్స్ రూయిన్ అనే చిన్న రికార్డు కంపెనీ 2001లో మూతపడింది. తర్వాత బ్యోర్క్ డ్యూనా రికార్డ్స్ అని సొంత రికార్డు కంపెనీ పెట్టుకున్నాడు. పెద్ద స్టార్ అవలేదు, ఆల్బమ్ వెనక ఆల్బమ్, టూర్ వెనక టూర్, అలా ఏళ్ల తరబడి నిలబడ్డాడు. మధ్యలో కయస్ పాత మిత్రులతో కలిసి విస్టా చీనో అనే బ్యాండ్ పేరుతో 2013లో మళ్లీ డ్రమ్స్ వాయించాడు. 2024లో సొంత ట్రియోతో, అంటే ముగ్గురి బ్యాండ్‌తో ఆల్బమ్ తెచ్చాడు, అందులో గిటార్, పాట తనవి, డ్రమ్స్ మాత్రం ర్యాన్ గూట్‌వి.

కాబట్టి బ్యాండ్ మానేయకు. ముందు ఒక పాట పూర్తి చెయ్. గిటార్ రాకపోతే నాలుగు కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటడం) నేర్చుకో, అవి చాలు. డ్రమ్స్ ముందు రికార్డ్ చేసి దానిమీద ఫోన్లో హమ్ చేసుకుంటూ ట్యూన్ కట్టు, బీట్ నీ చేతిలో ఉంది కాబట్టి నీకు ఈ దారి సులువు. మీవాళ్లకి నోటితో వర్ణించొద్దు, పూర్తయిన పాటే వినిపించు. అప్పటికీ వినకపోతే ఆ పాట నీదే, నీ పేరుతో పెట్టుకో. బీట్ మాత్రం వాళ్లకి యథాప్రకారం వాయించు.

ప్రశ్న: అమెరికాలో కయస్ బ్యాండ్ వాళ్లలాగే మేం కూడా జెనరేటర్ తీసుకెళ్లి భీమిలి వైపు, ఎర్రమట్టి దిబ్బల దగ్గర రాత్రి షో పెడదామనుకుంటున్నాం. సలహా ఇస్తారా?
– మధురవాడ

జవాబు: దిబ్బల దగ్గర వద్దే వద్దు. వేల ఏళ్లలో ఏర్పడిన ఆ మట్టి చాలా మెత్తన, పది మంది స్టాండ్లు దించి తొక్కితే గట్లు విరిగిపోతాయి. అది కాపాడుకోవాల్సిన భౌగోళిక వారసత్వ ప్రదేశం కూడా. బీచ్‌లో పెట్టాలన్నా పోలీసుల పర్మిషన్ తప్పనిసరి, పైగా రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. వాళ్ల ఎడారి చుట్టూ మనుషుల్లేరు, మనకి బీచ్ పక్కనే పల్లెలు, వేటకెళ్లడానికి తెల్లవారకముందే లేచే మనుషులు. సాయంత్రం ఐదింటికి పెట్టండి, అప్పుడైతే జనమూ వస్తారు. ఇంకోటి, ఉప్పుగాలికి స్టాండ్లు, పెడల్ స్ప్రింగులు ఇట్టే తుప్పు పడతాయి. ఇంటికెళ్లగానే పొడిగుడ్డతో తుడవడం మర్చిపోవద్దు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్. అపార్ట్‌మెంట్‌లో డ్రమ్స్ వాయిస్తుంటే కింది ఫ్లాట్ వాళ్లతో రోజూ గొడవే. నాకు టెన్షన్‌గా ఉంది. మాన్పించాలా?
– ఒక తల్లి, సీతమ్మధార

జవాబు: మాన్పించొద్దండి. కింది వాళ్లని ఎక్కువ ఇబ్బంది పెట్టేది కాలితో కొట్టే పెద్ద డ్రమ్, ఆ అదురు నేలలోంచి నేరుగా వాళ్ల సీలింగ్‌కి దిగుతుంది. రోజువారీ ప్రాక్టీస్‌కి రబ్బరు ప్యాడ్ ఇవ్వండి, చేతులు తయారయ్యేది దానిమీదే. అసలు కిట్‌కి రోజూ ఒక గంట, అదీ కింది వాళ్లని అడిగి, వాళ్లకి వీలైన వేళే పెట్టండి. అడగడానికి అబ్బాయినే పంపండి. కిట్ కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి, అదురు పూర్తిగా పోదు గానీ బాగానే తగ్గుతుంది. అప్పటికీ కుదరకపోతేనే ఎలక్ట్రానిక్ కిట్ గురించి ఆలోచించండి, దానికీ కాలి పెడల్ ఉంటుంది కాబట్టి ఆ మ్యాట్ అప్పుడూ పనికొస్తుంది.