మార్చి దాకా ఆగకు బుజ్జీ

బుజ్జీ,

మొన్న ఫోన్లో "పెద్దమ్మా, ఈ బాస్కెట్‌బాల్ ఏంటో నాకూ చెప్పు, మా ల్యాబ్‌లో అందరిదీ ఇదే గోల" అన్నావు. అది ఫోన్లో తేలే విషయం కాదని అప్పటికి దాటేశాను. ఇప్పుడు మీ పెదనాన్న పడుకున్నారు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, తీరిగ్గా రాస్తున్నాను. మేం ఈ నార్త్ కరోలినా రాష్ట్రంలోని కేరీకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. అందులో చాలా చలికాలాలు నేను ఆడపిల్లల కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటలు చూస్తూనే గడిపాను. ఆయనకి మాత్రం ఈ పిచ్చి అంటలేదు. క్రికెట్ తప్ప మిగతా ఆటలన్నీ ఆయన దృష్టిలో వ్యాయామమే.

ఇక్కడ అందరూ మార్చి, మార్చి అంటూ కలవరిస్తారు. మార్చ్ మ్యాడ్‌నెస్ అంటే కాలేజీల జాతీయ టోర్నమెంటు, 68 జట్లు, ఓడితే ఇంటికే, పెద్ద జాతర. నేనూ చూస్తాను. కానీ జాతరకి ఒక్కరోజు వచ్చిపోయేవాడికి రంగులరాట్నం గుర్తుంటుంది, ఊరు తెలియదు. నువ్వు జనవరిలో మొదలుపెట్టు. చలికి బయటికి కదలబుద్ధి కాని గురువారం రాత్రి, పట్టికలో అడుగున ఉన్న జట్టు వచ్చినప్పుడు కూడా వెళ్ళు. ఆ మ్యాచ్‌లు చూసినవాళ్ళకే మార్చిలో ఏడుపైనా నవ్వైనా సరిగ్గా వస్తుంది.

కాన్ఫరెన్స్ అనగానే నీకు పేపర్లు చదివే మీటింగు గుర్తొస్తుందేమో. ఇక్కడ అది కొన్ని కాలేజీల కూటమి. మనది ఏసీసీ, అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్. 1953లో మన రాష్ట్రంలోని గ్రీన్స్‌బరోలోనే పుట్టింది. పేరులో అట్లాంటిక్ తీరం ఉంది కదా, 2024 నుంచి కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కూడా ఇందులోనే ఉన్నాయి. టెక్సస్ నుంచి ఎస్ఎంయూ అనే యూనివర్సిటీ వచ్చింది. టీవీ డబ్బు భూగోళాన్ని ఎలా కావాలంటే అలా మడిచేస్తుంది మరి. దేశానికి ఆ చివర నుంచి విమానంలో వచ్చి ఆడి, మళ్ళీ వెళ్ళి క్లాసులో కూర్చోవాల్సిన పిల్లల్ని చూస్తే నాకు జాలేస్తుంది. నీ యూనివర్సిటీ జట్టు అక్కడికి వెళ్ళినప్పుడు మనకి రాత్రి పదింటికి మొదలయ్యే మ్యాచ్‌లూ ఉంటాయి. ఆ రోజు మధ్యాహ్నం ఓ గంట కునుకు తీయి.

ఇప్పుడు కూటమిలో 18 జట్లు, ఒక్కో జట్టుకి 18 కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు. అంటే దాదాపు ప్రతి జట్టుతోనూ ఒక్కసారే ఆట. ఓడిపోతే మళ్ళీ చూసుకుందాం అనడానికి లేదు. నవంబరు, డిసెంబరులో ఎక్కువగా బయటి జట్లతో ఆడతారు. అసలు సిసలు ఏసీసీ సీజన్ జనవరి, ఫిబ్రవరి నెలలది. మ్యాచ్‌లు ఎక్కువగా గురువారం, ఆదివారం పడతాయి. ఆ రెండు రోజులకీ నీ ప్రాజెక్టు గడువులు అడ్డం రాకుండా ఇప్పుడే చూసుకో. మీ అమ్మకి మాత్రం ఈ మాట నేను చెప్పానని చెప్పకు.

ఏ జట్టు అని నిన్ను అడగక్కర్లేదు, చేరిందే ఎన్‌సీ స్టేట్‌లో, అదే నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో. నీ క్యాంపస్‌లోనే రెనాల్డ్స్ కొలీజియం అనే ఆటల స్టేడియం ఉంది. 1949లో తెరిచిన కట్టడం. 2016లో బాగుచేసినప్పుడు సీట్లు తగ్గించి 5,500 చేశారు. మంచి పనే చేశారు. ఎక్కడ కూర్చున్నా షూ కీచుమనడం వినబడుతుంది, కోచ్ తిట్టేదీ వినబడుతుంది. అయితే ఎప్పుడూ ఒకే చోట కూర్చోకు. ఒకరోజు కోర్టుకి దగ్గరగా కూర్చుంటే ఆ పిల్లలు ఎంత ఎత్తో, ఎంత బలంగా గుద్దుకుంటారో తెలుస్తుంది. ఇంకోరోజు పైన కూర్చుంటే ఐదుగురూ ఒక్క మనిషిలా ఎలా జరుగుతున్నారో కనబడుతుంది.

లోపల కోర్టు మీద "కే యావ్ కోర్ట్" అని రాసి ఉంటుంది. ఆవిడ గురించి తెలుసుకోకుండా ఆ గడప దాటకు. 1975 నుంచి ఇక్కడ కోచ్‌గా ఉన్నారు. 1987లో రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఆ మరుసటి ఏడాదే సియోల్ ఒలింపిక్స్‌లో అమెరికా జట్టుకి కోచ్‌గా వెళ్ళి బంగారు పతకం తెచ్చారు. జబ్బు తిరగబెట్టాక, 2006-07 సీజన్ మధ్యలో చికిత్స కోసం కొన్నాళ్ళు ఆగి మళ్ళీ వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. 2007 ఫిబ్రవరి 16న ఆ కోర్టుకి ఆవిడ పేరు పెట్టారు. ఆ రాత్రి వచ్చిన ప్రత్యర్థి ఎవరనుకున్నావు? దేశంలో రెండో ర్యాంకులో ఉన్న నార్త్ కరోలినా యూనివర్సిటీ, మన పక్క ఊరి జట్టు. మనవాళ్ళు 72-65తో గెలిచారు. అప్పటికి నాకు ఆటలో సగం రూల్స్ తెలియవు. టీవీ ముందు నిలబడి చప్పట్లు కొడుతుంటే మీ పెదనాన్న వంటింట్లోంచి "ఏమైంది, ఏమైంది" అంటూ పరిగెత్తుకొచ్చారు. ఆవిడ 2009 జనవరిలో పోయారు. ఫిబ్రవరిలో ఒక మ్యాచ్‌కి ఆటగాళ్ళు, జనం అందరూ గులాబీ రంగు వేసుకుంటారు, ప్లే ఫర్ కే అంటారు. ఆవిడ పేరుతో ఉన్న క్యాన్సర్ నిధి కోసం దేశంలో చాలా కాలేజీలు అలా చేస్తాయి. ఆ రోజుకి నా గులాబీ రంగు మంగళగిరి చీర ఉంది. నీకు కావాలంటే చున్నీ ఇస్తాను.

ఇక ఆట చూడటం సంగతి. ఆడపిల్లల కాలేజీ ఆటలో నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి పది నిమిషాలు. 2015-16 నుంచి ఇలాగే ఉంది. మగపిల్లలది ఇంకా ఇరవయ్యేసి నిమిషాల రెండు భాగాలే, అందుకే నాకది సాగదీసినట్టుంటుంది. ఒక క్వార్టర్‌లో ఒక జట్టు చేసిన ఫౌల్స్, అంటే నెట్టడం, కొట్టడంలాంటి తప్పులు, ఐదుకి చేరాయంటే అక్కణ్ణించి అవతలివాళ్ళకి రెండేసి ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డురాకుండా బుట్టలోకి బంతి వేసే అవకాశాలు. క్వార్టర్ మారగానే ఆ లెక్క మళ్ళీ సున్నా. కాబట్టి స్కోరుతో పాటు ఫౌల్స్ అంకె మీద కూడా ఒక కన్నేసి ఉంచు. ఒక అమ్మాయి తనే ఐదు ఫౌల్స్ చేస్తే బయటికి పోవాలి. మంచి ఆటగత్తె మూడో క్వార్టర్‌లోనే నాలుగో ఫౌల్ చేసిందంటే కోచ్ ముఖం చూడాలి, వడ్డన మధ్యలో గ్యాస్ అయిపోయినట్టుంటుంది.

కొత్తవాళ్ళందరూ బంతినే చూస్తారు. నేనూ మూడేళ్ళు అలాగే చూశాను. తర్వాత, పక్క సీట్లో కూర్చునే ఒక రిటైర్డ్ టీచరమ్మ నాకొక చిట్కా చెప్పింది: ఒక అమ్మాయిని ఎంచుకుని, రెండు నిమిషాల పాటు ఆమెనే చూడు, బంతి ఎక్కడున్నా సరే. అప్పుడు తెలిసింది నాకు, స్కోరు చేసిన అమ్మాయికి దారి ఇచ్చింది ఇంకెవరో అని. అడ్డంగా నిలబడి దెబ్బ కాచుకున్న పిల్ల పేరు మర్నాడు ఎక్కడా రాదు. నేను తెనాలిలో బాల్ బ్యాడ్మింటన్ ఆడే రోజుల్లో వెనక నిలబడేదాన్ని, అందుకేనేమో నాకు అలాంటివాళ్ళ మీదే మనసు పోతుంది. మ్యాచ్ అయ్యాక బాక్స్ స్కోరు, అంటే ఎవరెవరు ఏం చేశారో చెప్పే లెక్కల పట్టిక, తీసి చూడు. పాయింట్లు చివర చూడు. ముందు రీబౌండ్లు (బుట్టలో పడక తిరిగొచ్చిన బంతిని పట్టుకోవడం), బంతి పోగొట్టుకున్న సార్లు, ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారు, ఇవి చూడు. ఓటమి ఎక్కడ మొదలైందో సగం సార్లు అక్కడే దొరుకుతుంది.

పట్టిక చదివేటప్పుడు గెలుపులు లెక్కపెట్టకు, ఓటములు లెక్కపెట్టు. 2025లో మనవాళ్ళూ నోటర్‌డేమ్ వాళ్ళూ చెరో 16 గెలిచి, చెరో రెండు ఓడి సమానంగా నిలిచారు, టైటిల్ ఇద్దరూ పంచుకున్నారు. ఆ తర్వాత జరిగే ఏసీసీ టోర్నమెంటులో మొదటి సీడ్, అంటే మొదటి స్థానం, మాత్రం మనకొచ్చింది. ఎందుకంటే ఫిబ్రవరి 23న వాళ్ళని ఓడించాం కదా. ఆ ఆదివారం గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. నోటర్‌డేమ్ అప్పుడు దేశంలో నంబర్ వన్. నాలుగు క్వార్టర్లలో తేలక ఒక ఓవర్‌టైమ్ (అదనపు ఆట), అదీ చాలక ఇంకొకటి. చివరికి 104-95. జోయీ బ్రూక్స్ 33 పాయింట్లు కొట్టింది. నా గొంతు బుధవారం దాకా రాలేదు. గుళ్ళో పూజారిగారు జలుబా అమ్మా అని అడిగితే అవునండీ అన్నాను.

ర్యాంకుల గురించి ఎక్కువ టెన్షన్ పడకు. సోమవారాలు వచ్చే ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ) ర్యాంకులు విలేకర్లు వేసే ఓట్లు, వాదించుకోవడానికి బాగుంటాయి. నెట్ (NET) అని ఇంకో ర్యాంకు ఉంది, అది కంప్యూటర్ లెక్క. ఎవరిని ఎక్కడ ఓడించావన్నది అందులోకి వస్తుంది, మార్చిలో జట్లని ఎంచే కమిటీ దాన్ని ముందు పెట్టుకుంటుంది. మనకి అసలు ముఖ్యమైంది ఇది: ఆడపిల్లల జాతీయ టోర్నమెంటులో పైనున్న 16 జట్లకి మొదటి రెండు రౌండ్లూ సొంత కోర్టులోనే. మగపిల్లలకి ఆ వీలు లేదు. జనవరిలో నీరసంగా ఓడిన ఒక్క మ్యాచ్ వల్ల మార్చిలో రెనాల్డ్స్ బదులు ఎక్కడికో పోవాల్సి రావచ్చు. గురువారం రాత్రి అడుగు జట్టు మ్యాచ్‌కి కూడా వెళ్ళమన్నది ఇందుకే.

సొంత నేల ఎంత పనిచేస్తుందో 2022లో కళ్ళారా చూశాం. మనవాళ్ళు వరసగా మూడోసారి ఏసీసీ కప్పు గెలిచి జాతీయ టోర్నమెంటుకి నంబర్ వన్ సీడ్‌గా వెళ్ళారు. ఫైనల్ ఫోర్‌కి, అంటే చివరి నాలుగు జట్లలోకి, ఒక్క మెట్టు. ఆట బ్రిడ్జ్‌పోర్ట్‌లో, అంటే కనెటికట్ రాష్ట్రంలో, కనెటికట్ జట్టుతోనే. రెండు ఓవర్‌టైములు ఆడి 91-87తో ఓడాం. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. రెండేళ్ళ తర్వాత 2024లో ఫైనల్ ఫోర్ చేరినప్పుడు ఆ బాధ కొంత తీరింది. అక్కడ సౌత్ కరోలినా చేతిలో ఓడారు, అయినా అప్పుడు మాత్రం అన్నం తిన్నాను.

పక్క ఊళ్ళ జట్లని తిట్టుకోవచ్చు, చిన్నచూపు మాత్రం చూడకు. డ్యూక్, నార్త్ కరోలినా యూనివర్సిటీలు మనకి కారులో అరగంట దూరం. 2025 ఏసీసీ ఫైనల్లో మనల్ని ఓడించింది డ్యూకే. నార్త్ కరోలినా జట్టులో 1994లో షార్లెట్ స్మిత్ అనే అమ్మాయి, గడియారంలో 0.7 సెకన్లు మిగిలి ఉండగా త్రీ పాయింటర్ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) వేసి, 60-59తో జాతీయ కప్పు తెచ్చింది. ఆ వీడియో దొరికితే చూడు. వాళ్ళ లేత నీలం రంగు నాకు గిట్టదు గానీ, ఆ బంతి మాత్రం చూసి తీరాలి.

ఏటా జట్టు మారిపోతుంది. చదువైపోయినవాళ్ళు వెళ్తారు, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అని వేరే కాలేజీకి మారేవాళ్ళూ ఉంటారు. మన అజాయా జేమ్స్, సనియా రివర్స్ ఇద్దరూ 2025లో డబ్ల్యూఎన్‌బీఏకి, అంటే ఆడవాళ్ళ ప్రొఫెషనల్ లీగ్‌కి, వెళ్ళిపోయారు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ నుంచి ఖమీల్ పియర్ మన దగ్గరికి వచ్చింది. వదిలి వెళ్ళిన పిల్లని ద్రోహి అనేవాళ్ళు చాలామంది కనబడతారు. నువ్వు బీటెక్ అయ్యాక మంచి చోటు చూసుకుని ఇంత దూరం రాలేదా?

ఇంకో విషయం, దీన్ని తేలిగ్గా తీసుకోకు. 2024 మార్చి నుంచి మన రాష్ట్రంలో ఫోన్‌లో పందేలు కాయడం చట్టబద్ధమైంది. మీ ల్యాబ్ కుర్రాళ్ళలో ఎవరో ఒకరు ఐదు డాలర్లేగా అంటారు. వద్దు. డబ్బు పోతుందని ఒక్కటే కాదు, పందెం కాశాక ఆట కనబడదు, అంకె ఒక్కటే కనబడుతుంది. ఆ అంకె తప్పినప్పుడు పంతొమ్మిదేళ్ళ పిల్లకి నానా బూతులూ మెసేజ్ పెట్టేవాళ్ళున్నారు. ఆ పిల్లలు నీకన్నా చిన్నవాళ్ళు. ఫ్రీ త్రో తప్పినందుకు వాళ్ళే ఆ రాత్రి నిద్రపోరు.

ఏసీసీ టోర్నమెంటు మార్చి మొదట్లో ఉంటుంది. 2000 నుంచి 2025 దాకా, ఒక్క 2017 తప్ప, గ్రీన్స్‌బరోలోనే జరిగింది. పొద్దున్న పులిహోర కలుపుకుని బయల్దేరితే గంటన్నర లోపే చేరేవాళ్ళం. పులిహోర కారులోనే తినాలి సుమా. ఒకసారి ఇంకో ఊళ్ళో గేటు దగ్గర నా చేగోడీల డబ్బా తీసి పక్కన పెట్టేశారు, తిరిగి ఇవ్వలేదు. తప్పు నాదే, బోర్డు చదవలేదు. లోపలికి బయటి తిండి తేకూడదు, సంచీ కూడా లోపల ఉన్నవి కనబడే ప్లాస్టిక్‌దై ఉండాలి. 2026లో టోర్నమెంటు జార్జియాలో, అట్లాంటా పక్కన డులూత్‌లో పెట్టారు. కారులో ఆరు గంటలు. పక్కనే సువానీలో మీ బాబాయివాళ్ళు ఉన్నారు కాబట్టి హోటల్ ఖర్చు లేదు, కాకపోతే మీ పిన్ని పెళ్ళి సంబంధాల ఫోటోలు చూపిస్తుంది, దానికి సిద్ధపడి రా. పైనున్న నాలుగు జట్లు శుక్రవారం క్వార్టర్ ఫైనల్స్‌లోనే దిగుతాయి. మనవాళ్ళు ఆ నాలుగులో ఉంటే నువ్వు గురువారం క్లాసు ఎగ్గొట్టక్కర్లేదు. లేకపోతే అప్పుడు చూద్దాం.

మొదటి మ్యాచ్‌కి నేను వచ్చి నిన్ను తీసుకెళ్తాను. తర్వాత నుంచి నువ్వు మీ స్టూడెంట్ల వైపు కూర్చో, నీ ఐడీ కార్డు మర్చిపోకు. ముసలిదాని పక్కన కూర్చుంటే నీకు అరవడం రాదు. మన జట్టు రంగు ఎరుపు, ఎర్ర స్వెట్టర్ ఏదైనా ఉందా? నీలం రంగుది మాత్రం వేసుకు రాకు, నార్త్ కరోలినా వాళ్ళ లేతదైనా, డ్యూక్ వాళ్ళ ముదురుదైనా.

మీ పెద్దమ్మ