నాలుగైదు నెలలు బండి తీయకపోతే ట్యాంక్ ఫుల్ చేసి పెట్టాలా, ఖాళీ చేసి పెట్టాలా?

చలికాలమంతా అమెరికాలో అమ్మాయి దగ్గర ఉంటాం, టూవీలర్ గుంటూరులో అపార్ట్‌మెంట్ కింద ఉంటుంది, పెట్రోల్ తీసేయమంటారా నింపమంటారా అని అడిగారు కదండీ. నింపండి. ట్యాంక్ ఫుల్, కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) ఖాళీ. నన్నడిగితే ఇందులో రెండో మాటే లేదు, వాట్సాప్‌లో ఎవరేం ఫార్వర్డ్ చేసినా సరే.

మా బావ బండి సంగతి చెప్తా వినండి. దసరా ముందు డాలస్ వెళ్ళి ఉగాది దాటాక వచ్చాడు. కార్బురేటర్ బండి, ట్యాంకులో సగం కూడా లేదు, పెట్రోల్ ట్యాప్ ఆన్‌లోనే ఉంది, "వారానికోసారి స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఉంచవయ్యా" అని వాచ్‌మన్‌కి చెప్పేసి ఫ్లైట్ ఎక్కేశాడు. ఆయన పాపం కార్తీక మాసం దాకా కొట్టాడంట, తర్వాత అది పలకడం మానేసింది, ఈయనా మానేశాడు. బావ వచ్చాక చోక్ లాగి కిక్ కొట్టి కొట్టి బనీను తడిసిపోయింది గానీ బండి దగ్గనైనా దగ్గలా. ఇంక లాభం లేదని ఆయన్ని బండెక్కించి, నేను నా బండి మీంచి కాలు పెట్టి తోసుకుంటూ బెజవాడ మొగల్రాజపురం నుంచి ఆటోనగర్ దాకా తీసుకెళ్ళా. బెంజ్ సర్కిల్ దగ్గర ఆ ఎండలో ఆ హారన్లు, అది వేరే కథ.

మెకానిక్ కుర్రాడు కార్బురేటర్ కింద బౌల్, అదే పెట్రోల్ నిలిచే గిన్నె, విప్పాడు. అడుగున తేనె రంగులో జిగురు, వాసన చూస్తే పాత వార్నిష్ డబ్బా మూత తీసినట్టు ఉంది. పైలట్ జెట్, అంటే పెట్రోల్ వెళ్ళే సన్న కన్నం ఉన్న ముక్క, ఊడదీసి వెలుతురుకి పెట్టి చూస్తే కన్నం కనపడలా. ట్యాప్ ఆన్‌లో ఉంటే ఇదే గొడవ, బౌల్లో పెట్రోల్ ఆవిరైపోతుంది, పైనుంచి మళ్ళీ దిగుతుంది, మళ్ళీ ఆవిరైపోతుంది, జిగురు మాత్రం అక్కడే పోగవుతుంది. తర్వాత ట్యాంకులోది ఒక ప్లాస్టిక్ సీసాలోకి దింపి కాసేపు పక్కన పెట్టాడు. పైన పెట్రోల్, అడుగున మసగ్గా ఇంకో పొర. "బాబాయ్, ఇంజన్ ముందు తాగేది ఈ అడుగుదే, ఇంకేం స్టార్ట్ అవుద్ది" అన్నాడు.

ఇప్పుడు బంకుల్లో పోసేది మన చిన్నప్పటి పెట్రోల్ కాదండీ. 2022కి 10 శాతం ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కలిపారు, 2025కల్లా 20కి వచ్చేశారు, అది కలపని పెట్రోల్ కావాలంటే దొరకడం కష్టం, మనల్ని అడిగిందెవరు? ఇథనాల్‌కి తేమ పీల్చే గుణం ఉంది. ట్యాంక్ సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలో గాలి, గాలిలో తేమ, రాత్రి చల్లబడితే రేకు లోపల చెమ్మ పడుతుంది. నీళ్ళు ఎక్కువైతే ఇథనాల్ వాటిని పట్టుకుని పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతుంది, అక్కడే తుప్పు మొదలు. మంచు పడే దేశాల్లో చలికాలం ముందు ట్యాంక్ నింపి పెట్టేది ఇందుకే. మనవాళ్ళకి వంద రూపాయలు, నూటపది రూపాయలు కొట్టించుకోవడం అలవాటు కాబట్టి ఫుల్ ట్యాంక్ అంటే ప్రాణం ఉసూరుమంటుంది, ఊరికే పడుండే బండికి అంత డబ్బా అని. కొత్త ట్యాంక్ రేటు కనుక్కుంటే తెలుస్తుంది.

అలాగని మూత అంచుదాకా పోయించకండి, ఎండకి వ్యాకోచిస్తుంది, కొంచెం వెలితి ఉంచాలి. ఫ్యూయల్ స్టెబిలైజర్ అని, పెట్రోల్ త్వరగా చెడిపోకుండా ఆపే మందు ఆన్‌లైన్లో దొరుకుతుంది, తాజా పెట్రోల్లోనే కలపాలి, చెడిపోయినదాంట్లో పోస్తే బాగవదు. కలిపాక ఒక పది నిమిషాలు బండి తిప్పి రండి, మందు కలిసిన పెట్రోల్ కిందదాకా చేరాలి. తర్వాత ట్యాప్ ఆఫ్ చేసి, ఇంజన్ చల్లారాక బౌల్ కింద డ్రైన్ స్క్రూ వదులు చేసి మిగిలింది సీసాలోకి పట్టేయండి. ట్యాప్ ఆఫ్ అని గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం పందికొక్కులు. మా బెజవాడలో ఊరి మధ్యలోంచే మూడు కాలువలు పోతాయి, వీటి సంతతికి లోటు లేదు, పెట్రోల్ పైపు కొరికాయంటే ట్యాంక్ మొత్తం సెల్లార్లోనే. మీ గుంటూరులో కూడా తక్కువేం ఉండవులెండి.

మీది 2020 తర్వాత బండైతే ఇంజెక్షన్‌దే (కార్బురేటర్ లేకుండా పెట్రోల్‌ని చిమ్మేది) అయి ఉంటుంది, దానికి ఈ బౌల్ గొడవ లేదు, నింపి స్టెబిలైజర్ కలిపి తిప్పితే చాలు. ట్యాంక్ మాత్రం ఖాళీ చేయకండి, పెట్రోల్‌ని ఇంజన్‌కి తోసే పంపు దాని లోపలే ఉంటుంది, ఎండిపోకూడదు.

ఇక ఆ వారానికోసారి స్టార్ట్ చేయించే కార్యక్రమం దయచేసి పెట్టుకోకండి. మా అపార్ట్‌మెంట్లో పెద్దాయన ఒకరు ప్రతి ఆదివారం పొద్దున్నే అందరి నిద్రా చెడగొట్టి అదే చేస్తారు. రెండు నిమిషాల్లో ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, సైలెన్సర్లో నీళ్ళు అక్కడే ఉండిపోతాయి, సెల్ఫ్ కొట్టినప్పుడల్లా బ్యాటరీ దిగిపోతుంది. దానికంటే బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి వెళ్ళండి.

అన్నట్టు ఆ సీసాలో పట్టినది దాచిపెట్టి, వచ్చాక మళ్ళీ బండిలో పోసేద్దాం అనుకునేరు. వెళ్ళేముందే మీ మెకానిక్‌కి ఇచ్చేయండి, చైన్లు కడుక్కుంటాడు.