రష్యన్‌లో భిన్నాలు: పైకి అనని ‘వంతు’

మూడింట రెండు, ఎనిమిదింట ఐదు వంటివి రష్యన్‌లో ఎలా చెప్పాలని అడిగారు. వైద్యవిద్య కోసం అక్కడ ఉన్నప్పుడు నాకు పనికొచ్చిన కిటుకు చెబుతాను.

మనం ‘మూడింట రెండు వంతులు’ అంటాం కదా. రష్యన్లకూ ఆ ‘వంతు’ ఉంది, ‘చాస్త్’ అని. కాకపోతే పైకి అనరు. అది స్త్రీలింగం కాబట్టి ఒకటికి ‘అదీన్’ బదులు ‘అద్నా’, రెండుకు ‘ద్వా’ బదులు ‘ద్వ్యే’ వస్తాయి. హారానికి క్రమసంఖ్య వాడాలి. ఐదో వంతు ఒక్కటే అయితే ‘అద్నా ప్యాతయ’. వంతులు రెండు, మూడు, ఐదు లాంటివైతే హారం షష్ఠీ (‘యొక్క’ అర్థమిచ్చే విభక్తి) బహువచనంలోకి మారుతుంది: ‘ద్వ్యే ప్యాతిఖ్’, ‘ప్యాత్ వస్మీఖ్’. ఆ తర్వాత వచ్చే నామవాచకం మాత్రం షష్ఠీ ఏకవచనమే. గ్లాసులో ఐదింట రెండు వంతులంటే ‘ద్వ్యే ప్యాతిఖ్ స్తకానా’. మూడింట రెండు వంతులకు మాత్రం మామూలుగా ‘ద్వ్యే త్రేతి స్తకానా’ అంటారు. వ్యాకరణం వరకు ఇంతే.

దశాంశాలకు వాళ్లు చుక్క పెట్టరు, కామా పెడతారు. 0,5ను ‘నోల్ త్సేలిఖ్ ప్యాత్ దిస్యాతిఖ్’ అని చదవాలి, అంటే పూర్ణాలు సున్నా, పదో వంతులు ఐదు. తరగతిలో ఇలాగే చెప్పాలి. వార్డులో అంత ఓపిక ఎవరికి? థర్మామీటరులో 37,5 ఉంటే నర్సు ‘త్రీత్సత్ స్యేమ్ ఇ ప్యాత్’ అనేసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోతుంది. ‘త్రీత్సత్ షేస్త్ ఇ షేస్త్’, అంటే 36,6 అని వినబడితే జ్వరం లేనట్టే.

నిజానికి బయట ఎక్కువగా వినిపించేవి వేరు. సగం ‘పలవీనా’, మూడో వంతు ‘త్రేత్’, పావు ‘చేత్విర్త్’, అరకిలో ‘పల్‌కిలో’. ఒకటిన్నరకు విడిగా ఒక మాటే ఉంది: గంటన్నర ‘పల్తరా చిసా’, నిమిషంన్నర ‘పల్తరీ మినూతి’. నిమిషం స్త్రీలింగం కాబట్టి ఆ ‘ఈ’కారం.

అసలు తిరకాసు గడియారంతోనే. ఐదున్నరను వాళ్లు ‘పలవీనా షిస్తోవ’ అంటారు, ఆరో గంటలో సగం గడిచిందని. తెలుగు చెవికి అది ఆరున్నరలా వినిపిస్తుంది. ఐదుంపావు కూడా అంతే, ‘చేత్విర్త్ షిస్తోవ’. ‘బిస్ చేత్విర్తి షేస్త్’తో మాత్రం బాధ లేదు, అచ్చం మన పావు తక్కువ ఆరే. ఎవరినైనా కలిసే వేళ చెప్పేటప్పుడు అనుమానం వస్తే ‘ప్యాత్ త్రీత్సత్’, అంటే ఐదు ముప్పై అనండి. అది అక్కడ అందరికీ అర్థమవుతుంది.